ఒక్క గీత

తప్పు రాస్తే ఒక్క గీతే గీయాలి.
కింది అక్షరం కనబడుతూ ఉండాలి.
పక్కన సంతకం, తేదీ, టైము.
విజయనగరం ట్రైనింగులో మొదటి ఏడాది
చెమటకి జారే కళ్లజోడు ఎగదోసుకుంటూ
ఎస్తేరు మేడం చెప్పారు.
పరీక్షలో రాశాను.
రెండుకి రెండు మార్కులు.

సోంపేట ఆసుపత్రి, మగవాళ్ల వార్డు.
ఆ రాత్రి ఇద్దరు తవిటయ్యలు.
ఆరో మంచం తవిటయ్య కొబ్బరిచెట్టు మీంచి జారి
పిండికట్టులో కాలు పెట్టుకుని ఉన్నాడు.
తొమ్మిదో మంచం తవిటయ్యది
కిడ్నీలు ఎందుకు ఎండిపోతున్నాయో
ఎవరూ తేల్చి చెప్పని ఊరు.

మా వైపు ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే
తర్వాతి బిడ్డని తవుడుకి అమ్మి
మళ్లీ కొనుక్కుంటారు.
చావుని ఏమార్చడానికి పెట్టిన పేరు
ఆ రాత్రి నన్ను ఏమార్చింది.

రెండూ పదికి కరెంటు పోయింది.
జనరేటరు అందుకునేలోపు
సెల్లు లైటు పళ్లతో పట్టుకుని సిరంజి నింపాను.
"తవిటయ్యా?"
"ఊఁ" అన్నాడు నిద్రలోంచి.
ఇంటిపేరు అడగలేదు.
కేసు షీటు తిప్పలేదు.
నొప్పి ఇంజెక్షను.
విరిగిన కాలికి అమృతం,
ఎండిన కిడ్నీకి...
దూది అదిమి పట్టుకునేసరికి లైటు వచ్చింది.
గోడ మీద అంకె తొమ్మిది.

డాక్టరుగారు లుంగీతోనే వచ్చారు.
రక్తం తీశాం, సెలైను పెట్టాం,
గంట గంటకీ మూత్రం కొలిచాం.
నాలుగింటికి సంచిలో నలభై మిల్లీలీటర్లు.
నా పదో తరగతి నంబరు కోసం కూడా
పేపర్లో అంత వెతకలేదు.

మా సీనియరు మంచి మనిషి.
నా అన్నంలో తన చేపల పులుసు పోసే మనిషి.
చెవి దగ్గర మెల్లగా అంది:
"డాక్టరుగారు నోరు విప్పరు.
తెల్ల సిరా నా బీరువాలో ఉంది.
తొమ్మిదిని ఆరు చెయ్యడమెంత,
తలకిందులు చేస్తే సరి."
నవ్విందో, ఏడ్చిందో.
తనకి తెలుసు, ఈ కాగితం
కౌన్సిల్ దాకా పోతుంది, కోర్టు దాకా పోతుంది.
నా చీటీకి ఇంకా పదకొండు వాయిదాలని కూడా తెలుసు.

తెల్ల సిరా వద్దన్నాను.
పెన్ను తీశాను.
మొదట ఆరే రాశాను.
దాచను. ఆరే రాశాను.
చాలాసేపు దాన్నే చూశాను.
తర్వాత ఒక్క గీత.
కింది ఆరు కనబడుతూనే ఉంది.
పక్కన తొమ్మిది, సంతకం, 4.25.

వరండాలో చాప మీద అసిరమ్మని లేపాను.
"నీ పెనిమిటికి పక్కవాళ్ల మందు ఇచ్చేశాను.
తప్పు నాది.
ఇప్పుడు కనిపెట్టుకుని ఉన్నాం.
నువ్వు ఫిర్యాదు పెట్టొచ్చు."
తిట్టింది.
ఆ తిట్లు ఇక్కడ రాయను, అవి నాకిచ్చినవి.
కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఊగింది.
ఆ తర్వాత అడిగింది:
"మరయితే ఆ రెండో తవిటయ్యకి
మందు పడనేదా?
ఆడికి నొప్పి గాదేటి?"

ఆరో మంచం దగ్గరికి పరిగెత్తాను.
దుప్పటి అంచు కొరుకుతూ మేలుకునే ఉన్నాడు,
ఎవర్నీ పిలవకుండా.
"ఇంటిపేరు?"
"బొడ్డ."
"తండ్రి పేరు? ఊరు?"
"దాలయ్య. బారువ.
ఏటి సిస్టరమ్మా, సంబందం సూస్తన్నావేటి?"
కాగితం చూశాను. అంకె చూశాను. మళ్లీ కాగితం చూశాను.
అప్పుడు గుచ్చాను.

తొమ్మిదో తవిటయ్య బతికాడు.
వారానికి రెండు డయాలసిస్‌లు మూడయ్యాయి.
ఆ మూడోది జబ్బుదా, నాదా,
అడిగితే డాక్టరుగారు
కిటికీలోంచి బయటికి చూశారు.

విచారణ పెట్టారు. మెమో వచ్చింది.
మూడు ప్రతుల్లో సంజాయిషీ ఇచ్చాను.
అసిరమ్మ ఫిర్యాదు పెట్టింది.
తెల్ల కాగితం నేనే ఇచ్చాను.
ఆమె వేలిముద్ర వేశాక
ఇంకు తుడుచుకోమని
దూది ఇచ్చాను.